దాత తరువాత ధర్మము

పిఠాపుర సంస్థానము పేరు వినగానే తెలుగువారికి స్ఫురించునది శ్రీ సూర్యరాయాంధ్ర నిఘంటువు. 1911లో వెలసిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఆ మహాకార్యమును చేపట్టగా, జయంతి రామయ్య పంతులుగారు సంపాదక భారమును, పిఠాపుర మహారాజా రావు వేంకట కుమార మహీపతి సూర్యరావు బహద్దరువారు ధనభారమును వహించిరి. మొదటి సంపుటము 1936లో వెలువడెను. కాకినాడలోని కళాశాలయు, రఘుపతి వేంకటరత్నం నాయుడుగారి ప్రేరణమున వెలసిన అనాథ శరణాలయమును ఆ సంస్థానపు పోషణముననే వర్ధిల్లినవి.

ఆ ధనమునకు మూలమేది? రైతు చెల్లించిన శిస్తు. 1948లో మదరాసు శాసనసభ జమీందారీలను రద్దు చేయుచు చట్టము గావించెను. రైతునకు అది న్యాయము. కాని శిస్తుపై ఆధారపడిన దానములకు ఊట యింకిపోయెను. సూర్యరావుగారు 1964లో దివంగతులైరి. నిఘంటువు తుది సంపుటములను ప్రకటించు బాధ్యత ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీపై పడెను.

పరిషత్తు పుట్టిన 1911లోనే అమెరికాలో ఆండ్రూ కార్నెగీ తన ధనముతో ఒక ధర్మసంస్థను నెలకొల్పెను. మూలధనమును మదుపుపెట్టి, దానిపై వచ్చు రాబడిని విద్యకును విజ్ఞానమునకును వెచ్చించుట దాని పద్ధతి. కోనసీమ రైతు కొబ్బరికాయలను దింపుకొనును గాని చెట్టును నరకడు గదా! కార్నెగీ 1919లో మరణించినను, ఆ సంస్థ నేటికిని నడచుచున్నది. 1917లో అమెరికా ప్రభుత్వము దానమిచ్చిన సొమ్ముపై ఆదాయపు పన్ను తగ్గించెను. ధనము పెట్టెలలోనే మురిగిపోకుండుటకై, ఇట్టి నిధులు ఏటేట కొంత వ్యయము చేసితీరవలెనని 1969లో శాసించెను. పిమ్మట అది ఆస్తి విలువలో నూటికి 5 వంతులుగా స్థిరపడెను.

2023లో అమెరికనులు ధర్మకార్యముల కిచ్చినది సుమారు 55,700 కోట్ల డాలర్లు. అందు మూడింట రెండు వంతులు వ్యక్తులు స్వయముగా నిచ్చినదే. అయినను ఒక విపరీతము కలదు. 2000లో నూటికి 66 కుటుంబములు దానము చేయుచుండగా, 2018 నాటికి అవి సగమునకు లోపడెను. మొత్తము పెరుగుచున్నది, ఇచ్చు చేతులు తగ్గుచున్నవి. కొలది మంది ధనికులపై ఆధారపడిన ధర్మము, వారి సంపదతోపాటు వారి అభిరుచికిని లోబడియుండును. ఒక్క సంస్థానముపై నిలిచిన ధర్మమునకు కలిగిన చిక్కును మన మిదివరకే చూచితిమి.

మన యిండ్లలో వంటకు బియ్యము కొలుచునపుడు పిడికెడు తీసి వేరొక కుండలో వేయు ఆచార ముండెడిది. ఆ పిడికెడు ఏ శాసనమునకును లెక్కకు రాదు. అయినను ఒక యింట కుండ నిండకున్నచో పొరుగింటి కుండ ఉండెడిది. మహారాజావారి దాతృత్వము మనకు నిఘంటువు నిచ్చినది, అందులకు కృతజ్ఞులము. కాని దాత గతించిన పిమ్మటను ధర్మము నిలువవలెనన్న, మూలధనముతోపాటు పెక్కు చేతులును కావలెను.