చేసి తెలుసుకునే భౌతికశాస్త్రం

సూత్రాన్ని ముందుగా చెప్పి వల్లె వేయించకుండా, పిల్లల చేత ప్రయోగం చేయించి, వాళ్ల ప్రశ్నల్లోంచే సూత్రాన్ని రాబట్టే భౌతికశాస్త్ర బోధన తెలుగు బడులకు విడతలవారీగా వచ్చింది. 1956లో అమెరికాలో ఎంఐటీ ఆచార్యులు మొదలుపెట్టిన పీఎస్‌ఎస్‌సీ (ఫిజికల్ సైన్స్ స్టడీ కమిటీ), ఆ తర్వాత బ్రిటన్‌లో వచ్చిన నఫీల్డ్ పథకం దీనికి దారి వేశాయి. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 బడుల్లో ఆరంభమైన విజ్ఞాన బోధన కార్యక్రమం, చవక సామగ్రితో పల్లెబడిలోనూ ప్రయోగాలు సాగుతాయని చూపింది. దాన్ని ప్రభుత్వం 2002లో నిలిపేసింది.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ ఆలోచన మొదట ప్రాథమిక బడులను చేరింది. 1980లలో బ్రిటన్ సాయంతో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం (ఏపీపీఈపీ) చేస్తూ నేర్చుకోవడాన్నీ, పరిసరాలను పాఠానికి వాడుకోవడాన్నీ తన సూత్రాల్లో చేర్చుకుంది. ఉన్నత పాఠశాలల భౌతికశాస్త్రంలో అసలు మార్పు మాత్రం 2011 నాటి రాష్ట్ర విద్యాప్రణాళిక చట్రం ఆధారంగా వచ్చిన పుస్తకాలతోనే కనిపించింది. వాటిలో పాఠం ‘కృత్యం’ చుట్టూ తిరిగేది.

తొమ్మిదో తరగతి ‘తేలియాడే వస్తువులు’ అధ్యాయంలో పాల చిక్కదనాన్ని కొలిచే లాక్టోమీటరు తయారీ అందుకు మంచి నమూనా. సిరా అయిపోయిన బాల్‌పెన్ రీఫిల్‌ను, లోహపు ములికి కిందికి ఉండేలా, పరీక్షనాళికలోని నీళ్లలో వేసి, నీటిమట్టం దగ్గర గీత పెడతారు. తర్వాత పాలలో వేస్తే ఆ గీత కాస్త పైకి తేలుతుంది. ఎందుకన్న ప్రశ్న ముందు, ఆర్కిమెడిస్ సూత్రం ఆ తర్వాత.

శ్రీకాకుళం జిల్లా తీరంలోని భావనపాడులో ఈ కృత్యానికి పాలే అక్కర్లేదు. ఊళ్లో సముద్రపు నీరు, ఆ ఊరున్న సంతబొమ్మాళి మండలంలోనే నౌపడ ఉప్పుమళ్లు ఉన్నాయి. ఉప్పు తయారీలో నీటి చిక్కదనాన్ని కొలిచే బోమే హైడ్రోమీటరు కూడా ఈ రీఫిల్ సూత్రం మీదే పనిచేస్తుంది. సముద్రపు నీరు సుమారు 3 డిగ్రీలు చూపితే, ఉప్పు పేరడం దాదాపు 25 దగ్గర మొదలవుతుంది. పుస్తకం ఇంత దూరం రాలేదు. అది ఉపాధ్యాయుడి చొరవకే మిగిలింది.

పరీక్షల తీరు ఈ చొరవకు కొంతకాలం తోడైంది. పదో తరగతిలో 20 అంతర్గత మార్కుల్లో ప్రాజెక్టులకూ వాటా ఉండేది. ఆంధ్రప్రదేశ్ 2019లో ఆ మార్కులను ఎత్తేసింది. తర్వాత రాష్ట్రం ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలకు మారింది. వాటిలోని తొమ్మిదో తరగతి పుస్తకంలో ఉత్ప్లవనం గురుత్వాకర్షణ అధ్యాయంలో ఒక భాగం. పిల్లలు మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ సీసాను బకెట్ నీళ్లలోకి నొక్కి, అది పైకి తన్నుకురావడాన్ని గమనిస్తారు.