పిడక, పొగ, ప్రజాభిప్రాయము

పశువుల పేడను పొయ్యిలో పెట్టవలెనా, పొలములో వేయవలెనా అను వాదము మన దేశమున నూరేండ్లకు పైబడినది. దీనిపై దొరలు నివేదికలు వ్రాసిరి. శాస్త్రజ్ఞులు ప్రయోగములు సలిపిరి. ప్రభుత్వములు పథకములు పెట్టినవి. ఇన్నిటి నడుమ పల్లెప్రజలు ఏమనుకొనిరి, ఏల యట్లనుకొనిరి, ఆ యభిప్రాయమును మన్నించినచోట నేమి జరిగెను, మన్నింపనిచోట నేమి జరిగెను అను చరిత్రను ఈ ప్రసంగమున మీకు విన్నవింపదలచితిని. వంటింటి సంగతి మనకేల యని పెద్దలు దీనిని తోసివేయరాదు. భూమి సారమును, అడవియు, ఆడువారి యారోగ్యమును ఆ పొయ్యితో ముడివడి యున్నవి.

1889 సంవత్సరాంతమున వోల్కరు అను రసాయన శాస్త్రజ్ఞుడు ఇంగ్లండునుండి మన దేశమునకు వచ్చెను. ఇచ్చటి వ్యవసాయమును బాగుచేయు మార్గము చెప్పుమని ప్రభుత్వమువారు ఆయనను నియోగించిరి. ఆయన ఏడాదికి పైగా దేశమంతయు తిరిగి చూచెను. 1893లో ఆయన నివేదిక వెలువడెను. రైతు అజ్ఞానముచేత ఎరువును కాల్చి బూడిద చేయుచున్నాడని అప్పటి అధికారులు పలువురు నమ్ముచుండిరి. వోల్కరు ఆ మాటను అంగీకరింపలేదు. వంటకు కట్టె దొరకుచోట రైతు పేడను పొలమునకే తోలుచున్నాడనియు, కట్టె కరవైనచోటనే పిడకలు కాల్చుచున్నాడనియు ఆయన కనుగొనెను. ఊళ్ళకు చేరువలో వంటచెరకునకును, పశుగ్రాసమునకును ప్రత్యేకముగా వనములు పెంచవలెనని సలహా చెప్పెను.

మన చెన్నరాజధానిలో మాత్రము అడవి పల్లెకు దూరమగుచుండెను. 1882 నాటి అటవీ చట్టము క్రింద కొండలును, చిట్టడవులును రిజర్వులయ్యెను. పశువును మేపుకొన్నను, కట్టెపుల్ల తెచ్చుకొన్నను సర్కారునకు పుల్లరి చెల్లింపవలసి వచ్చెను. ఒకవైపున అడవికి కంచె వేసి, మరియొకవైపున పిడకలు కాల్చకుడని బోధించుట పల్లెవారికి విడ్డూరముగా తోచెననుటలో వింత యేమున్నది? ఆ యసంతృప్తియే పల్నాట 1921లో సత్యాగ్రహమై లేచెను. పుల్లరి చెల్లింపబోమని నిలిచిన కన్నెగంటి హనుమంతు 1922లో తుపాకి గుండ్లకు బలియయ్యెను. కట్టె, గడ్డి అనునవి పల్లెకు ప్రాణాధారములని ఆ త్యాగము సర్కారునకు తెలియజెప్పినది.

పిడకను గూర్చి మన యాడువారు చెప్పునదియు వినదగినది. దాలిలో పిడకల సెగమీద పాలు పొంగిపొరలవు, అడుగంటవు. మీగడ దళముగా కట్టును. కట్టెమంట కా నెమ్మది లేదు. పొగ తగులుచుండిన తాటివాసములకు పురుగు పట్టదు. ఇంట దోమ నిలువదు. బూడిద కొంత అంట్లు తోముటకు, కొంత పెరటి పాదులకు పనికివచ్చును. సంక్రాంతి గొబ్బెమ్మలను పిడకలు చేసి, రథసప్తమినాడు వానిమీద పాయసము వండుట మన ఆచారము. ఇన్ని విధముల నుపయోగపడు వస్తువును వ్యర్థపరచుచున్నారని యెవరైన వచ్చి చెప్పినచో వారేల నమ్ముదురు? అయినను శాస్త్రజ్ఞులు చెప్పినదియు నిజమే. పేడ కాలినప్పుడు పొటాషు మొదలగు లవణములు బూడిదలో మిగులును గాని, పైరునకు ముఖ్యమైన నత్రజనియు, నేలను గుల్లపరచు జీవపదార్థమును దక్కవు. ఇరుపక్షముల యందును సత్యముండుటచేతనే ఈ వాదము ఇంతకాలము తెగలేదు.

ఈ చిక్కునకు మార్గము వెదకినవారిలో ఆల్బర్టు హోవర్డు ముఖ్యుడు. ఆయన 1924 మొదలు 1931 వఱకు ఇండోరులో పనిచేసి, అచ్చటి పేరనే ప్రసిద్ధమైన కంపోస్టు పద్ధతిని రూపొందించెను. ఆకు, అలము, చొప్పదంట్లు, కొద్దిపాటి పేడ, పశువుల మూత్రముతో తడిసిన కొట్టపు మన్ను, బూడిద వీనిని వరుసలుగా పేర్చి, తడిపి, నడుమ నడుమ తిరుగవేసినచో మూడు నెలలలో మంచి యెరువగును. గట్టి పత్తికట్టెను సైతము బండ్లబాటపై పరచి, చక్రముల క్రింద నలిపించి ఆయన వాడుకొనెను. పద్ధతి మంచిదే. కాని తిరుగవేయుటకు కూలియు, తడుపుటకు నీరును కావలెను. మెట్టయూళ్ళలో వేసవిని ఆ నీరెక్కడిది? మరియు హోవర్డు గుంటలో వేయుమన్న పత్తికట్టెయే పేదరాలి పొయ్యిలోని కట్టె!

ఎరువును గూర్చి యింత చర్చ జరిగినను, పొగను గూర్చి చాలకాలము తలచినవారు తక్కువ. వార్ధాలోని మగన్‌వాడిలో గ్రామ పరిశ్రమల సంఘమువారు పొగగొట్టముగల పొయ్యిని తయారుచేసిరి. మన హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమున ఎస్. పి. రాజు పొగలేని మట్టిపొయ్యిని నిర్మించి, 1953లో దానిని గూర్చి ఆంగ్లమున ఒక పుస్తకము ప్రకటించెను. 1951లో జశ్‌భాయి పటేలు గోబరుగ్యాసు యంత్రమునకు ఒక నమూనా చేసెను. అందు పేడనుండి మంటయు వచ్చును, మడ్డి యెరువుగ మిగులును. పాత వాదమునకు ఇది యుక్తమైన తీర్పు. కాని ఒక కుటుంబమునకు చాలిన గుంటకు నాలుగైదు పశువులును, పేడతో సమానముగ నీరును కావలెను. అంత పాడి కలవాడు బాగుపడెను. దారిలో పేడ యేరుకొని బ్రదుకునామెకు ఆ యంత్రమువలన ఒరిగినదేమియు లేదు.

1983లో భారత ప్రభుత్వమువారు మెరుగైన పొయ్యిల కార్యక్రమము నారంభించిరి. 2002లో దానిని నిలుపు నాటికి దేశమున 3 కోట్లకు మించిన పొయ్యిలు పంచబడెను. వానిలో పెక్కు కొలది యేండ్లకే మూలబడెను. గొట్టము మసితో పూడిపోయినప్పుడు తీయువారు లేకపోయిరి; పొయ్యి పగిలినప్పుడు అతుకువారు లేకపోయిరి; ఇంటి కుండ ఆ కంటిపై కుదురుకొనదాయెను. లెక్కకు పొయ్యిలు పంచిరి గాని, వండునామెను ముందుగ అడిగినవారు తక్కువ.

తరువాత వంటగ్యాసు వచ్చెను. 1999లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దీపము పథకమున పొదుపు సంఘముల స్త్రీలకు గ్యాసు కనెక్షన్ల నిచ్చెను. ఐనను 2011 జనాభా లెక్కలలో దేశమందలి కుటుంబములలో నూటికి సుమారు 49 కట్టెతోను, 8 పిడకతోను వండుచున్నట్లు తేలెను. 2016లో ఉజ్జ్వలా పథకము మొదలై, 2019 నాటికి 8 కోట్ల కనెక్షన్లు ఇచ్చినది. ఇది పెద్ద మేలు. కాని బండ ఇంటికి వచ్చుట వేరు, అయిపోయిన బండను మరల తెచ్చుకొనుట వేరు. కూలి దొరకని నెలలో గ్యాసుపొయ్యి అటకెక్కును, కందికంప మరల వంటింటికి వచ్చును.

పొగను మనము అలవాటుచేత చిన్నదిగ చూచుచున్నాము. ఇండ్లలోని పొగ మొదలగువానివలన 2020లో ప్రపంచమున 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసినది. పొయ్యి యొద్ద ఊదుగొట్టము పట్టుకొని కూర్చుండు స్త్రీయు, ఆమె యొడిలోని బిడ్డయు ఆ పొగను అందఱికంటె నెక్కువగ పీల్చుచున్నారు. దగ్గును, కండ్ల మంటను ముదిమి లక్షణములని మన మిండ్లలో సరిపెట్టుకొనుచున్నాము.

ఈ చరిత్ర చదివిన మీదట నాకు తోచినది చెప్పెదను. పల్లెవారి యభిప్రాయము మూఢత్వమని త్రోసినవారు చెడిరి. అందు కట్టె ధర, నీటి యెద్దడి, కూలి లెక్క అన్నియు ఇమిడియున్నవని వోల్కరు ఏనాడో గ్రహించెను. ఐతే పల్లె యభిప్రాయమని మనము చెప్పుకొనునది చాలవఱకు రచ్చబండపై కూర్చున్న మగవారి యభిప్రాయమే. ఎడ్లు కొనుటకు అప్పు చేయుదుము. గ్యాసుబండకు మాత్రము వచ్చే నెల చూతమందుము. గొట్టము పెట్టించుటకు గోడ తొలువవలెనన్న, కప్పు చెడునందుము.

కావున ఊరి పెద్దలగు మిమ్ము కోరునది యొక్కటి. గ్రామసభలో వంటచెరకు మాట వచ్చినను, బంజరులో చెట్లు పెంచు మాట వచ్చినను, పెంటగుంటల మాట వచ్చినను, ముందుగ వండువారిని పిలిచి అడుగుడు. ఏ కట్టె పొగ తక్కువో, ఏ నెలలో బండ తెచ్చుట కష్టమో, ఎన్ని పిడకలు మిగిల్చి పొలమునకు పంపవచ్చునో వారికి లెక్క తెలియును. సభలో చెప్పుటకు వారు జంకినచో, ఈ రాత్రి మీ యింటనే అడిగి చూడుడు. సెలవు.