బోరీబందరు స్టేషను – మన సినిమాల జ్ఞాపకశక్తి

ఏ దేశములోనైనా గొప్ప ఘాతుకం జరిగినప్పుడు దాని చరిత్రను రెండు తెగలవారు వ్రాస్తారు. మొదటివారు పోలీసులు, న్యాయస్థానాలు, చరిత్రకారులు. రెండవవారు పాటగాండ్రు, కథకులు. ఈ కాలంలో సినిమావారు, టెలివిజనువారు. మొదటివారి వ్రాతలు చదివేది కొద్దిమంది. రెండవవారి కథ కోట్లమంది చూస్తారు. కాబట్టి జనుల మనస్సులో చివరకు నిలిచేది రెండవదే. మనవారికి ఇది క్రొత్త సంగతి కాదు. 1757లో జరిగిన బొబ్బిలి యుద్ధాన్ని మన తాతలు పుస్తకాలలో చదువలేదు, జంగం కథలో విన్నారు. తాండ్ర పాపారాయుడు నేటికీ అందరికీ తెలుసు. ఆనాడు ఆ కోటలో మరణించిన సామాన్యుల పేర్లు ఎవరికి తెలుసు?

2008 నవంబరు 26 రాత్రి బొంబాయి మహానగరంపై జరిగిన దాడి విషయంలో కూడా ఇదే జరిగినదని నా అభిప్రాయం. కరాచీ నుండి సముద్రమార్గాన వచ్చిన పదిమంది సాయుధులు స్టేషను, హోటళ్ళు, ఆసుపత్రి, యూదుల ప్రార్థనా గృహం మొదలైన చోట్ల కాల్పులు జరిపి 166 మందిని పొట్టనబెట్టుకొన్నారు. 29వ తేదీ ఉదయానికి గాని తాజ్ హోటలులో పోరు ముగియలేదు. ఈ దాడి అనగానే మనలో నూటికి తొంభైమందికి కళ్ళ ముందు మెదిలేది పొగలు క్రమ్మిన ఆ తాజ్ గోపురమే. కాని ఏ ఒక్క చోటనైనా ఎక్కువమంది చనిపోయినది హోటలులో కాదు, రైల్వే స్టేషనులో. నేను రైల్వే గుమాస్తాను గనుక ఇది పక్షపాతమని మీరనవచ్చు. లెక్క మాత్రం అదే. 50 మందికి పైగా అక్కడే ప్రాణాలు విడిచారు, సుమారు 100 మంది గాయపడ్డారు.

ఆ స్టేషను మనకు పరాయిది కాదు. 1878లో ఆరంభించి పదేండ్లు కట్టిన ఆ భవనానికి మొదట విక్టోరియా టెర్మినస్ అని పేరు. 1996లో ఛత్రపతి శివాజీ టెర్మినస్ అయినది. 2017లో ‘మహారాజ్’ అనే మాట కూడా చేరినది. పాతకాలపువారికి మాత్రం అది నేటికీ వి.టి., లేదా బోరీబందరు. సోలాపూరు పోయే సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్, హైదరాబాదు పోయే హుసేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ అక్కడే బయలుదేరుతాయి. మిల్లులకు, మగ్గాలకు, కట్టడపు పనులకు వచ్చిన మనవారిలో ఎందరో ఈ నగరంలో మొదటి అడుగు పెట్టినది ఆ ప్లాట్‌ఫారం మీదనే. ఆ రాత్రి ఇద్దరు ముష్కరులు తుపాకులతో, చేతిబాంబులతో ప్రవేశించినది దూరప్రయాణపు బండ్ల హాలులోనికి. అక్కడ ఉన్నవారు మూటాముల్లెలతో, పిల్లాపాపలతో నేలమీద కూర్చొని, ఊరికి పోయే బండికై ఎదురు చూచేవారు. ఒక్కమాటలో చెప్పాలంటే మనబోటివారు.

మరి వారి కథ ఎందుకు వెనుకబడినది? మొదటి కారణం కాలము. స్టేషనులో ఆ ఘోరము ఒక గంటకు మించి సాగలేదు. హోటలులో మూడు రాత్రులు సాగినది. టెలివిజను కెమేరాలన్నీ హోటలు ఎదుట బారులు తీరినవి. కమాండోల కదలికలను సైతం చూపించిన ఆ ప్రసారాలను 2012 ఆగస్టు 29న ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు తీవ్రంగా మందలించినది; ఎందుకనగా సరిహద్దు ఆవల కూర్చొని దాడిని నడిపించేవారు కూడా వాటిని చూస్తూనే ఉన్నారు. స్టేషను నుండి ప్రపంచానికి అందినది ముఖ్యంగా ఒక్క ఛాయాచిత్రం. సెబాస్టియన్ డిసౌజా అనే పత్రికా ఛాయాగ్రాహకుడు ప్రాణాలకు తెగించి తీసిన చిత్రమది. న్యాయస్థానంలో గొప్ప సాక్ష్యమైనది. కాని విధి విచిత్రము చూడండి: అందులో కనబడేది చంపేవాని ముఖం. చనిపోయినవారి ముఖాలు మన మనస్సులకెక్కలేదు.

రెండవ కారణం కథకు నాయకుడు కావాలి. దాడి ముగిసిన మరునాడే, నవంబరు 30న, మహారాష్ట్ర ముఖ్యమంత్రి విలాసరావు దేశ్‌ముఖ్ గారు తాజ్ హోటలును చూడబోతూ నటుడైన తన కుమారుని, మన తెలుగు దర్శకుడు రామగోపాల్ వర్మ గారిని వెంట తీసుకొని వెళ్ళారు. రక్తపు మరకలు ఆరకముందే సినిమావారా అని జనం మండిపడ్డారు. భద్రతా లోపాలపై అప్పటికే రేగిన ఆగ్రహానికి ఇది తోడై, కొద్ది రోజులలోనే ఆయన పదవి విడువవలసి వచ్చినది. తరువాత 2013లో వర్మగారు నిజంగానే ఆ దాడిపై చిత్రం తీశారు. స్టేషను ఘట్టాన్ని విపులంగానే చూపించారు. అయితే కథ చెప్పేది పోలీసు ఉన్నతాధికారి, కథలో నిలిచేది హంతకుడు. నడుమ ప్రయాణికులు నేలకొరిగే బొమ్మలయ్యారు. 2018లో వచ్చిన ‘హోటల్ ముంబయి’ ముఖ్యంగా తాజ్ కథ. అతిథులను కాపాడిన వంటవారిని, వడ్డించేవారిని చూపినందుకు దానిని మెచ్చుకోవాలి. 2022లో తెలుగులోను, హిందీలోను తీసిన ‘మేజర్’ సందీప్ ఉన్నికృష్ణన్ గారి జీవితము. కేరళ నుండి వచ్చి బెంగుళూరులో స్థిరపడిన కుటుంబపు బిడ్డ, తాజ్‌లో పోరాడుతూ అసువులు బాసి అశోకచక్ర పొందిన వీరుడు. వలస కుటుంబాలవారమైన మనము ఆ తల్లిదండ్రుల దుఃఖాన్ని మరింత బాగా గ్రహించగలము. ఇట్టి చిత్రాలు వద్దని నేననను. అవి మాత్రమే చాలవని అంటున్నాను.

మూడవది ఆగ్రహము. 2006 జూలై 11న బొంబాయి లోకల్ బండ్లలో బాంబులు ప్రేలి 180 మందికి పైగా మరణించిన తరువాత, 2008లో రెండు హిందీ చిత్రాలు వచ్చినవి. ఒకటి ‘ఎ వెడ్నస్‌డే’. పేరు లేని ఒక సామాన్యుడు చట్టాన్ని పక్కకు నెట్టి తానే శిక్ష విధిస్తాడు. అది మరుసటి ఏడు కమలహాసన్, వెంకటేశ్ నటించగా ‘ఈనాడు’ అనే పేర తెలుగులో వచ్చినది. రెండవది ‘ముంబయి మేరీ జాన్’. అందులో దక్షిణాది నుండి వచ్చి సైకిలు మీద కాఫీ అమ్ముకొనే పేదవాడు ఉన్నాడు. ఇతరుల ఏడుపును టెలివిజనులో చూపించి, చివరకు తన ఏడుపే సరుకైపోయిన విలేఖరి ఉన్నది. మొదటిది ఈలలు వేయించినది. రెండవది ఆలోచింపజేసినది.

నిజమైన చరిత్ర మాత్రం ఆగ్రహపు కథలా నడువలేదు. ప్రాణాలతో చిక్కిన కసబ్‌ను గిర్గాం చౌపాటీ వద్ద వట్టి చేతులతో పట్టుకొని, తూటాలను తన దేహంలో దింపుకొన్నవారు తుకారాం ఓంబళే అనే అసిస్టెంటు సబిన్‌స్పెక్టరు. ఆ పిమ్మట విచారణ జరిగినది. స్టేషనులో కాలికి తూటా తగిలిన ఒక చిన్న బాలిక కోర్టుకు వచ్చి, హంతకుణ్ణి వేలెత్తి చూపినది. సుప్రీంకోర్టు వరకు అప్పీలు నడచిన తరువాతనే, 2012 నవంబరు 21న ఉరిశిక్ష అమలు జరిగినది. సామాన్యుడు ప్రతీకారం తీర్చుకొనే కల్పిత కథ కంటె, సామాన్యులు సాక్ష్యం చెప్పి న్యాయం గెలిపించిన ఈ నిజకథ గొప్పది కాదా?

స్టేషనులోనే మరొక నాయకుడు కూడా ఉన్నారు. బండ్ల రాకపోకలను మైకులో చెప్పే ఉద్యోగి విష్ణు దత్తారాం ఝెండే గారు. ఆ రాత్రి తన గది నుండి అపాయము కనిపెట్టి, పారిపోక, దూరప్రయాణపు బండ్ల వైపు రావద్దనీ, వెనుక దారిన బయటకు పొమ్మనీ ప్రయాణికులకు మరల మరల చెప్పారు. దుండగులు ఆ గది వైపు కూడా కాల్చారు. ఆయన గొంతు ఆగలేదు. ఆ గొంతు వల్ల ఎందరో ఇల్లు చేరారు. చేరువనే ఉన్న కామా ఆసుపత్రిలో అంజలీ కుల్తే అనే నర్సు 20 మంది గర్భిణీ స్త్రీలను ఒక చిన్న గదిలో దాచి కాపాడినది. ఆసుపత్రి సిబ్బందిని ప్రధాన పాత్రలుగా తీసుకొన్న ‘ముంబయి డైరీస్’ అనే ధారావాహిక రావడానికి 2021 దాకా, అనగా దాదాపు పదమూడేండ్లు పట్టినది.

కథలు ఈ వరుసనే వస్తాయి కాబోలు: మొదట భయం, తరువాత కోపం, తరువాత వీరపూజ, అన్నిటికంటె చివర సామాన్యుడు. ఆ చివరి వంతు వచ్చేదాకా ఊరకుండనక్కరలేదు. మన సంఘాలలో ప్రతి ఉగాదికీ నాటికలు, బుర్రకథలు, హరికథలు జరుగుతూనే ఉన్నవి. రాముని కథ, బొబ్బిలి కథ తప్పక చెప్పుకొందాము. వాటి సరసన, మైకు విడువని ఆ రైల్వే ఉద్యోగి కథను, బండి కోసం కూర్చొని మరి ఊరు చేరని ప్రయాణికుల కథను కూడా ఒక గంటసేపు చెప్పుకొందాము. మూట సర్దుకొని ఊరు విడిచి వచ్చినవారి వంశము మనది. స్టేషనులో కూర్చొన్నవారిని మనమైనా మరువరాదు.