20 డాలర్ల ఓటర్ల జాబితా

1990ల మధ్యలో అమెరికాలోని మాసచూసెట్స్‌లో ప్రభుత్వోద్యోగుల బీమా చూసే కమిషన్ ఒక మంచి పనే తలపెట్టింది. సుమారు 1,35,000 మంది ఉద్యోగులు, వాళ్ల కుటుంబసభ్యుల ఆసుపత్రి రికార్డులను పరిశోధకుల చేతికిచ్చింది. పేర్లు, చిరునామాలు తీసేశాం గనక ఎవరి గుట్టూ బయటపడదని గవర్నర్ విలియం వెల్డ్ భరోసా ఇచ్చారు.

ఎంఐటీలో కంప్యూటర్ సైన్స్ చదువుతున్న లతాన్యా స్వీనీకి ఆ మాట మింగుడుపడలేదు. పుట్టిన తేదీ, ఆడో మగో, మన పిన్‌కోడు లాంటి జిప్‌కోడు అలాగే ఉన్నాయి కదా! ఆ మూడింటినీ ఒక మనిషికి ముడిపెట్టేదెలా?

ఇక్కడ కాలం కలిసొచ్చింది. 1996 మేలో ఒక కాలేజీ స్నాతకోత్సవంలో గవర్నర్ అందరూ చూస్తుండగానే స్పృహతప్పి పడిపోయారు. ఆయన ఆసుపత్రిలో చేరిన సంగతి ఊరంతా తెలిసింది. ఆయన ఉండేది కేంబ్రిడ్జ్‌లో. స్వీనీ 20 డాలర్లిచ్చి ఆ ఊరి ఓటర్ల జాబితా కొన్నారు. గవర్నర్ పుట్టిన తేదీనే పుట్టినవాళ్లు అందులో ఆరుగురు తేలారు. వాళ్లలో మగవాళ్లు ముగ్గురు. ఆయన జిప్‌కోడులో ఉన్నది మాత్రం ఒక్కరే! ఇక ఆయన జబ్బులూ మందులూ రికార్డుల్లో దొరికిపోయాయి. వాటిని స్వీనీ గవర్నర్ ఆఫీసుకే పంపారంటారు.

ఆ మూడు వివరాలతో 87 శాతం అమెరికన్లను విడిగా గుర్తుపట్టవచ్చని 2000లో ఆమె లెక్కగట్టారు. తర్వాత మరొకరు లెక్కేస్తే 63 శాతమే అని తేలింది. అదీ తక్కువేం కాదు.

మరి మందేమిటి? పియెరాంజెలా సమరాటితో కలిసి 1998లో స్వీనీ ‘కె-అనానిమిటీ’ ప్రతిపాదించారు. తేదీ బదులు సంవత్సరమే ఉంచి, జిప్‌కోడు చివరి అంకెలు చెరిపేస్తే ఒక్కో మనిషీ గుంపులో కలిసిపోతాడు. బాగానే ఉంది. కానీ ఆ గుంపులో అందరిదీ ఒకే జబ్బయితే? 2006లో కార్నెల్ పరిశోధకులు పట్టుకున్న లొసుగు అదే. అదే ఏడాది సింథియా డ్వర్క్, సహచరులు మరో దారి చూపారు: డేటా గురించి అడిగే ప్రశ్నల జవాబుల్లో లెక్క ప్రకారం కాస్త గజిబిజి కలపడం. డిఫరెన్షియల్ ప్రైవసీ పుట్టింది అక్కడే.

స్వీనీ 2001లో కార్నెగీ మెలన్‌లో డేటా ప్రైవసీ ల్యాబ్ పెట్టారు. తర్వాత హార్వర్డ్‌కు మార్చారు. పేర్లు తీసేసినంత మాత్రాన గుట్టు దాగదన్న ఈ పాఠం తరగతిలో చెప్పడానికి నిర్వచనాల కంటే రెండు చిన్న పట్టికలే మేలు. ఒకటి పేర్లు లేని రోగులది, రెండోది పేర్లున్న ఓటర్లది. కలిపి చూడమంటే ఎవరి జబ్బేమిటో విద్యార్థులే బయటికి లాగుతారు. ఆ తర్వాత కె-అనానిమిటీ నేర్పి, దాన్నీ ఛేదించమని వాళ్లకే వదిలేయవచ్చు.