పాతవీథిలో క్రొత్తకిటికీ

ఒక పట్టణముయొక్క చరిత్రను తెలిసికొనగోరువారు సాధారణముగా కోటలను, గుడులను, శాసనములను వెదకుదురు. అవి గొప్పవే. కాని రాజు కట్టించిన కోట రాజు కథను చెప్పును. ప్రజల కథను చెప్పునవి వారు కాపురమున్న యిండ్లు, బేరమాడిన యంగళ్లు, నడచిన వీథులు. ఆ యిండ్లకు కన్నులవంటివి కిటికీలు. ఆ యంగళ్లకు నోళ్లవంటివి పేరుపలకలు. అట్టి వీథిలో నొక కిటికీని మార్చుటకు గాని, యొక పలకను వ్రేలాడదీయుటకు గాని నగరసంఘమువారి యనుమతి కావలెననినచో మనలో పెక్కురు నవ్వుదురు. "ఇల్లు నాది, గోడ నాది, కిటికీ నాది, నడుమ మీ పెత్తనమేమి?" అని యడుగుదురు. ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. దీనికి కొన్ని పట్టణములు చెప్పిన సమాధానమేమి, అందు న్యాయమెంత, లోపమెంత యని విచారించుటయే యీ వ్యాసమున మా యుద్దేశము.

మొదట పేరుపలకల మాట. సామాన్యజనులకు చదువురాని కాలమున అంగడికి గుఱుతు అక్షరము కాదు, బొమ్మ. లండను నగరమున వర్తకులు సింహములను, కిరీటములను, చేపలను చెక్కించి, రంగులు పూయించి, ఇనుపకమ్ములపై వీథి నడుమకు చాచి వ్రేలాడదీసెడివారు. ఒకని పలకకంటె నింకొకని పలక పెద్దది కావలెనను పోటీ పెరిగెను. ఇఱుకైన సందులలో వెలుతురు తగ్గెను. గాలి వీచినప్పుడెల్ల కమ్ములు కిఱ్ఱుమని మ్రోగెడివి. 1718లో బ్రైడ్ లేన్ అను సందులో నొక బరువైన పలక తన్ను మోయుచున్న గోడముఖమునే లాగికొని కూలగా నలుగురు మరణించిరి. అయినను వర్తకుల పోటీ యాగలేదు. 1762లో వెస్ట్‌మినిస్టరు ప్రాంతమునకు వచ్చిన చట్టము, పలకలు వీథిలోనికి చాచియుండరాదనియు, గోడకు అంటియుండవలెననియు విధించెను. అటుపిమ్మట బొమ్మలకు బదులు ఇంటిసంఖ్యలు వాడుకలోనికి వచ్చెను. ఆ కాలమున పలకపై చట్టమునకు ప్రాణరక్షణయు, దారి సౌకర్యమునే గాని సౌందర్యము కారణము కాలేదు.

కిటికీ చరిత్రయు నిట్టిదే. 1666లో లండను దగ్ధమైన పిదప అగ్నిభయము పాలకులను విడువలేదు. కొయ్యచట్రము గోడముఖమునకు నాలుగంగుళముల లోపల నుండవలెనని 1709లో శాసించిరి. ఒక యింటి మంట మఱియొక యింటికి ప్రాకకుండుటకై చేసిన యేర్పాటిది. అంతకుముందే, 1696లో, ఇంటికి గల కిటికీలను లెక్కించి పన్ను విధించిరి. ఆ పన్ను 1851వఱకు సాగెను. దానిని తప్పించుకొనుటకై పలువురు తమ కిటికీలను ఇటుకలతో మూసివేసిరి. వెలుతురునకు పన్ను వేసిన ప్రభుత్వమును, ఆ పన్నునకు వెఱచి చీకటిలో కూర్చున్న కుటుంబమును ఆ మూతకిటికీలు నేటికిని చూపుచున్నవి. గాజు సంగతియు నంతే. నోటితో ఊది గాజును చేయు కాలమున పెద్దపలకలు దొరకుట కష్టము. కావున ఒక్కొక్క రెక్కకు ఆఱో తొమ్మిదో చిన్నబిళ్ళలు అమర్చెడివారు. 1845లో గాజుపై సుంకము తొలగెను, గాజుపరిశ్రమ వృద్ధిపొందెను, బిళ్ళలు పెద్దవయ్యెను, వాని సంఖ్య తగ్గెను. ఎఱిగినవాడు బిళ్ళలను లెక్కించి ఇంటి వయస్సును ఇంచుమించుగా చెప్పగలడు. కిటికీ కూడ నొక శాసనమే. తామ్రశాసనమును కరగించి చెంబు చేయించుకొన్న వానిని మనము నిందింతుము. కిటికీని పెఱికి పాఱవేసిన వానిని మాత్రము పలుకరింపము.

ఇట్టి శాసనములను కాపాడవలెనను బుద్ధి అమెరికాదేశమున చార్లెస్టను పట్టణమున చట్టరూపము దాల్చెను. అది దక్షిణ కెరొలైనా రాష్ట్రమున సముద్రతీరమందలి పాతపట్టణము. ఇరువదవ శతాబ్దము మూడవదశకమున మోటారుబండ్లు పెరిగెను. పెట్రోలు అంగళ్లకై పాతయిండ్లను పడగొట్టసాగిరి. ధనికులును, ప్రదర్శనశాలలవారును పాతయిండ్ల లోపలి కొయ్యపనిని కొని, గదులకు గదులే పెకలించి దూరదేశములకు తీసికొనిపోవుచుండిరి. ఇది చూచి మేల్కొన్న పౌరులు, అందు ముఖ్యముగా స్త్రీలు, 1920లోనే యొక సంరక్షణసమాజమును స్థాపించియుండిరి. వారి కృషి ఫలించి 1931లో నగరసభ పట్టణమున నొక భాగమును చారిత్రకప్రాంతముగా నిర్ణయించెను. వీథినుండి కనబడు ఏ మార్పునైనను ముందుగా పరిశీలించుటకు ఐదుగురితో నొక సంఘము నేర్పఱచెను. ఆ దేశమున నిట్టి చట్టములలో నిది మొదటిది. చిత్రమేమనగా, ఇల్లు కూల్చువానిని పూర్తిగా నాపుటకు ఆ సంఘమునకు 1966వఱకు నధికారము లేకుండెను. కన్ను మార్చుటకు అనుమతి కావలెను గాని ప్రాణము తీయుటకు అక్కఱలేకుండెనన్నమాట!

అమెరికాలోనే న్యూ ఆర్లియన్సు కథ యింకను రుచికరమైనది. ఆ నగరమును 1718లో ఫ్రెంచివారు స్థాపించిరి. అచ్చటి పాతప్రాంతమును నేటికిని ఫ్రెంచివాడ యందురు. కాని 1788లోను, 1794లోను ఘోరాగ్నిప్రమాదములు సంభవించి ఫ్రెంచివారి కొయ్యయిండ్లు చాలవఱకు కాలిపోయెను. అప్పుడు నగరము స్పెయినువారి యేలుబడిలో నుండెను. మరల కట్టినవి సున్నపుపూతగల ఇటుకయిండ్లు, నడుమ తొట్టికట్టు ముంగిళ్లు. 1803లో అది అమెరికావారి వశమయ్యెను. నేడు యాత్రికులు చూచి మురియు పోతయినుప వసారాలలో పెక్కు ఆ తరువాతివి. పేరు ఫ్రెంచివారిది, గోడ స్పెయినువారిది, వసారా అమెరికావారి కాలపుది. ఇన్ని తరముల కలయికయే ఆ వాడ సొగసు.

ఆ వాడను కాపాడుటకై 1936లో లూసియానా రాష్ట్రప్రజలు తమ రాజ్యాంగమునే సవరించిరి. మఱుసటి యేడు నగరసభ పరిశీలనసంఘమునకు అధికారము నొసగు చట్టము చేసెను. కొలదికాలమునకే పరీక్ష వచ్చెను. ఆ వాడలో నొక పెట్రోలు అంగడివాడు అనుమతి లేకయే యొక పెద్ద ప్రకటనపలకను నిలిపెను. సంఘము కాదనగా, అతడు చేసిన వాదము తీసిపాఱవేయదగినది కాదు: "నా కట్టడము పాతది కాదు, అందు శిల్పమును లేదు; పాతయిండ్ల చట్టము నా కెట్లు వర్తించును?" 1941లో రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానము నగరము పక్షముననే తీర్పు చెప్పెను. కాపాడవలసినది విడివిడిగా నొక్కొక్క పాతయిల్లు మాత్రమే కాదనియు, వీథియొక్క సమగ్రరూపమనియు, ఆ రూపమును చెఱచు పలక క్రొత్తగోడపై నున్నను చెఱచునదే యనియు ఆ తీర్పు సారాంశము. పదిమంది కూడి పాడు భజనలో నొక్కని యపశ్రుతి యొక్కనిది మాత్రమే కాదుగదా!

ఇచ్చట నొక విశేషము చెప్పక తప్పదు. ఈ తీర్పు చెప్పిన న్యాయస్థానము ఆ దినములలో కొలువుతీరిన చలువరాతి మందిరము 1910లో పూర్తియైనది. ఆ మందిరము నిమిత్తము అదే ఫ్రెంచివాడలో నాలుగువీథుల నడుమనున్న పాతయిండ్ల సముదాయమునంతను పడగొట్టియుండిరి. పెట్రోలు అంగడివాని పలకను దోషమన్న ధర్మపీఠము తానే పెద్దదోషముపై కూర్చుండెను! ఇందువలన తీర్పు తప్పు కాదు. కాని ప్రభుత్వము తన చేతులను గూడ ఆ త్రాసులోనే పెట్టి తూచుకొనవలెననుట మాత్రము స్పష్టము.

ఇక పరిశీలన యెట్లు జరుగునో చూతము. కిటికీ విషయమున మొదటి ప్రశ్న: దీనిని బాగుచేయుటకు వీలున్నదా? అమెరికా ప్రభుత్వమువారు 1977లో వెలువరించిన ప్రమాణములును, చెడినదానిని సాధ్యమైనంతవఱకు బాగుచేయవలెననియే చెప్పును. మార్పు తప్పనిసరియైనచో క్రొత్తది పాతదాని పోలికను తప్పరాదు. ఇది వట్టి చాదస్తము కాదు. నెమ్మదిగా నెదిగిన అడవిచెట్ల చేవతో చేసిన చట్రము నూఱేండ్లు గడచినను గట్టిగానుండును. అందు త్రాడు తెగిన త్రాడే మార్చవచ్చును. బిళ్ళ పగిలిన బిళ్ళయే. లప్పము రాలిన లప్పమే. నేటి ప్లాస్టిక్కు కిటికీ యట్టిది కాదు. రెండద్దముల నడుమ మూత చెడి తేమ చేరెనా, ఆ అద్దపుజోడు నంతను తీసివేయవలసినదే. చలికి గాని, ధ్వనికి గాని వెఱచువారు పాతకిటికీ నట్లే యుంచి లోపల నింకొక అద్దపురెక్క నమర్చుకొనవచ్చును.

పలక విషయమున పరిశీలకులు అడుగునవి కొలత, స్థానము, పదార్థము, దీపము. పలక కమానును మూయుచున్నదా? మేకులు రాతిని చీల్చుచున్నవా? దీపము పొరుగింటివాని పడకగదిలో వెలుగుచున్నదా? అడుగరానిది యొక్కటి కలదు: పలకపై నేమి వ్రాసినావు అనునది. 2015లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము, పలకలోని విషయమును బట్టి భేదము చూపు నిబంధనలు వాక్స్వాతంత్ర్యమునకు భంగకరములని యొక వ్యాజ్యమున తీర్మానించెను. ఇది గొప్పసూత్రము. వీథి సొగసు పేర భాషను, మతమును, అభిప్రాయమును అణచుటకు పరిశీలనసంఘము పనిముట్టు కారాదు.

లోపములను దాచుట మా యభిమతము కాదు. చార్లెస్టనులో పాతయిండ్ల గౌరవము పెరుగగా వాని వెలయు పెరిగెను. ఆ యిండ్లలో కాపురమున్న ఆఫ్రికా సంతతి పేదకుటుంబములు పెక్కు ఆ ప్రాంతమును విడిచిపోవలసి వచ్చెను. ఆ నగరపు ఇటుకలను కాల్చినవారిలో, గోడలను లేపినవారిలో, ఇనుపద్వారములను సాగగొట్టినవారిలో వారి పూర్వులు బానిసలై యుండిరి. చేసిన చేతులను వెడలగొట్టి చేతిపనిని మాత్రము పూజించుట సంస్కారమనిపించుకొనునా? మఱియును, వితంతువైన యొక పేదరాలి యింట కిటికీ చట్రము పుచ్చినచో, "ఇట్టి కొయ్యయే తెమ్ము, ఇట్టి పనివానినే పిలువుము" అని శాసించుట సులభము, వెల యెవరిత్తురు? అందఱి కన్నులకు పండువైన వీథికి అందఱును ఖర్చు పంచుకొనవలెను. పన్నులో తగ్గింపో, పనికి ధనసహాయమో, పనివారి శిక్షణయో లేని నిబంధన పేదవానిపై జరిమానా వంటిది. నిబంధనలు వ్రాతలో నుండక అధికారి యభిరుచిలో నున్నచో అది పరిశీలన కాదు, దొరతనము.

మన తెలుగుదేశమున నీ ప్రశ్న పుట్టకపోలేదు. 1908లో మూసీనది వఱద హైదరాబాదును ముంచిన పిమ్మట నగరాభివృద్ధి మండలి యేర్పడి, చార్మినారు చెంత పత్తర్‌గట్టిలో రాతికమానుల వరుసతో అంగళ్లు కట్టించెను. అందు ఒక్కొక్క యంగడికి వేఱు సొగసు లేదు. ఉన్న సొగసంతయు వరుసలోనిదే. ఒక వర్తకుడు తన కమానును పెద్దపలకతో కప్పెనా, పోయినది వానియొక్కని కమాను కాదు, వీథి వరుస. హైదరాబాదు నగరాభివృద్ధి సంస్థవారి 1981నాటి నిబంధనలలో 13వది ఇట్టి కట్టడములకు రక్షణ నిచ్చెను. 2015లో దానిని తొలగించిరి. 2017లో తెలంగాణ ప్రభుత్వము వారసత్వసంపదకై వేఱొక చట్టము చేసెను. చట్టములు వచ్చును, పోవును, మరల వచ్చును. ఆ నడిమి కాలమున పోయిన కిటికీ మాత్రము మరల రాదు.

కావున మొదట నడిగిన ప్రశ్నకు మా సమాధానమిది. ఇల్లు నీది, లోపల నీ యిష్టము. ఇంటిముఖము మాత్రము సగము నీది, సగము వీథిది. నీవు దానిని నీ తాతలనుండి పొందితివి. వీథి దానిని నీ తాతల పొరుగువారినుండి పొందెను. ఆ సగమునకై నిన్ను ప్రశ్నించు హక్కు పొరుగువారికి గలదు. ఆ ప్రశ్న సకారణముగాను, సమానముగాను, సహాయపూర్వకముగాను ఉండవలెనని కోరు హక్కు నీకు గలదు. ఈ రెండు హక్కులు కలిసిననాడే పాతవీథి నిలుచును.

చదువరులు చట్టముకొఱకు వేచియుండ నక్కఱలేదు. ఇంటిలో కొయ్యకిటికీ యొకటి బిగిసి తెఱచుకొననిచో, దానిని పెఱికింపకముందు నమ్మకమైన వడ్రంగి నొకని పిలిచి, "దీనిని బాగుచేయగలవా?" యని యొక్కమాట యడుగుడు. పెక్కు సందర్భములలో చేయగలననియే చెప్పును.