వర్చువల్ రియాలిటీలో స్పర్శ రూపకల్పన – చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

వర్చువల్ రియాలిటీ చరిత్రను దృశ్య చరిత్రగా చెప్పడం పరిపాటి. 1968లో ఐవాన్ సదర్లాండ్ ప్రదర్శించిన, తలకు ధరించే తెరతో ఆ కథ మొదలవుతుంది. అయితే ఆయనే 1965 నాటి వ్యాసంలో చేతికి బలాన్ని తెలియజేసే పరికరాన్ని కూడా ఊహించారు. చూపుతోపాటే పుట్టిన స్పర్శాలోచన ఎందుకు వెనుకబడిందన్నది ఇక్కడ పరిశీలనాంశం.

పూర్వరంగం

స్పర్శను చేరవేసే యంత్రాలకు మూలం వినోదం కాదు. అణుధార్మిక పదార్థాలను దూరం నుంచి పట్టుకోవలసిన అవసరం. అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో రేమండ్ గోర్ట్జ్ బృందం 1940ల చివర రూపొందించిన యాంత్రిక హస్తాలు ఇవతలి చేతి కదలికను రక్షణ గోడ అవతలికి చేర్చేవి. అవతలి వస్తువు ప్రతిఘటనను ఇవతలి చేతికి తెలిపేవి. 1954 నాటికి ఈ అనుసంధానం విద్యుత్ మోటార్లతో సాధ్యమైంది. బలం తీగల ద్వారా ప్రసరించగలిగినప్పుడు అవతల నిజమైన వస్తువే ఉండనవసరం లేదు. లెక్కకట్టిన బలమైనా చాలు.

గ్రోప్ ప్రయోగం

ఈ దిశలోనే నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయంలో ఫ్రెడరిక్ బ్రూక్స్ 1967లో ‘గ్రోప్’ ప్రాజెక్టును ప్రారంభించారు. ఔషధ అణువు ప్రోటీనులో ఎక్కడ ఇముడుతుందో రసాయన శాస్త్రజ్ఞుడు చేతితో తడిమి తెలుసుకోవడం దాని లక్ష్యం. ఆర్గాన్ తరహా యాంత్రిక హస్తమే అందుకు సాధనమైంది. 1990లో వెలువడిన నివేదిక ప్రకారం, దృశ్యానికి స్పర్శ తోడైతే పనితీరు సుమారు రెండింతలవుతుంది. పదింతలు కావడం మాత్రం ఆశించదగినది కాదు. రెండు దశాబ్దాల కృషి తరువాత ఇంత నిరాడంబరమైన నిర్ధారణ చేయడం గమనార్హం.

అవరోధం, ప్రత్యామ్నాయం

కన్ను గ్రహిస్తుంది, చెయ్యి గ్రహిస్తూనే వస్తువును కదిలిస్తుంది. కంటికి సెకనుకు కొన్ని పదుల చిత్రాలు చాలు. గట్టి తలం చేతికి గట్టిగా తోచాలంటే బలాన్ని సెకనుకు సుమారు 1000 సార్లు లెక్కించాలి. లేకుంటే ఆ తలం మెత్తగానో వణుకుతున్నట్టుగానో తోస్తుంది. 1990లలో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో థామస్ మాసీ, కెనెత్ సాలిస్‌బరీ రూపొందించిన ‘ఫాంటమ్’ పరికరం అరచేతిని వదిలి ఒక్క బిందువుకు పరిమితమై ఈ సమస్యను ఎదుర్కొంది.

మరో మార్గం నార్త్ కరొలైనాలోనే 2000 ప్రాంతంలో కనిపించింది. కల్పిత అగాధం అంచున నిలిచినవారి పాదాల కింద ఒకటిన్నర అంగుళాల ఎత్తున్న నిజమైన చెక్క అంచును అమర్చగా, వారి గుండెవేగం మరింత పెరిగింది. అక్కడ యంత్రం ఏ బలాన్నీ లెక్కించలేదు. లోతును చూపు చెప్పింది; అంచును పాదం ధ్రువీకరించింది.

ముగింపు

స్పర్శ వెనుకబడటానికి కారణం ఉపేక్ష ఒక్కటే కాదు, దాని ద్విముఖ స్వభావం కూడా. నేటి చేతి పరికరాల ప్రకంపన తాకిడిని సూచిస్తుంది గాని ప్రతిఘటనను ఇవ్వదు. అది స్పర్శకు సంకేతం మాత్రమే. ఏ సందర్భంలో సంకేతం చాలు, ఎక్కడ ప్రతిఘటన తప్పనిసరి అన్న వివేచనే ఈ రూపకల్పనకు చరిత్ర అందించే ప్రమాణం.