చెరపకుండా పెంచడం: మదురై వీధులు, మధ్యచుక్క ముగ్గులు, బిళ్లల ఆటలు

బల్ల మీద ముందే గీసిన గళ్లంటూ లేకుండా, బొమ్మలు అచ్చువేసిన అట్టబిళ్లలను ఒక్కొక్కటిగా తీసి అంచుకు అంచు కలుపుతూ, ఆడుతుండగానే ఆటస్థలాన్ని తయారుచేసుకునే ఆటలను బిళ్లలు పేర్చే ఆటలు అంటారు. వీటిలో ప్రపంచమంతా ఎరిగిన 'కార్కసోన్'ను జర్మనీకి చెందిన క్లౌస్ యుర్గెన్ వ్రేడె రూపొందించగా, అది 2000లో 72 బిళ్లలతో వెలువడింది. ఆ మరుసటి ఏడాదే 12 బిళ్లల నది, 2002లో మరో 18 బిళ్లలు, ఆరో ఆటగాడికి చోటు వచ్చి చేరాయి. ఇలా మూల ఆటను మార్చకుండా దానికి జతపడే అదనపు పెట్టెనే ఆటల లోకంలో ఎక్స్‌పాన్షన్, అంటే విస్తరణ, అని వ్యవహరిస్తారు.

కార్కసోన్‌లో పోటీ ఉంది. ఆ పోటీని కూడా తీసేసి, ఒకరి నుంచి ఆరుగురి వరకు కలిసి ఒకే పల్లెసీమను పేర్చే సహకార ఆటగా 2022లో 'డోర్ఫ్‌రొమాంటిక్' వచ్చింది. ఇది టౌకానా ఇంటరాక్టివ్ అనే చిన్న సంస్థ చేసిన కంప్యూటర్ ఆటకు మిఖాయెల్ పాల్మ్, లూకాస్ ట్సాఖ్ ఇచ్చిన బల్ల రూపం. 2023లో జర్మనీ వారి 'ఈ ఏటి ఆట' పురస్కారం దీనికే దక్కింది. ఇందులో ఆరు అంచుల బిళ్లల మీద చేలు, అడవులు, ఊళ్లు, రైలు పట్టాలు, వాగులు ఉంటాయి. చేను పక్కన అడవి పడినా తప్పులేదు గానీ, పట్టా పట్టాతోనూ వాగు వాగుతోనూ కలిసితీరాలి. ఆట ముదిరేకొద్దీ తెరిచేందుకు మూసి ఉంచిన చిన్న పెట్టెలను మూల ఆటలోనే పెట్టడం వల్ల, విస్తరణ కొనుక్కునే వస్తువుగా కాక, ఆడి సంపాదించుకునేదిగా మారింది.

ఉన్నదాన్ని చెరపకుండా దాని చుట్టూ కొత్త అంచు తెరవడమనే ఈ సూత్రం, దక్షిణానికి వలసవెళ్లిన తెలుగువారి చరిత్రలోనూ వాకిట్లోనూ ఏనాటి నుంచో ఉన్నదే. 1529లో విశ్వనాథ నాయకుడితో మొదలై 1736 వరకు సాగిన మదురై నాయకుల పాలనలో దేశాన్ని 72 పాళెములుగా పంచారని, ఒక్కో పాళెగాడికి మదురై కోటలో ఒక్కో బురుజు కాపలా అప్పగించారని సంప్రదాయ కథనం. కార్కసోన్ బిళ్లల లెక్కా ఇదే కావడం కేవలం కాకతాళీయమే అయినా, అంచులు కలిసిన ముక్కలతో ఒక సీమను నిలపడమన్న భావం మాత్రం రెండింటిలోనూ ఒకటే. ఆ పాళెముల గుర్తు కోయంబత్తూరు చుట్టుపక్కల పెరియనాయక్కన్‌పాళయం, నరసింహనాయక్కన్‌పాళయం వంటి ఊరి పేర్లలో నేటికీ నిలిచి ఉంది.

మదురై నగరం కూడా అలా పొరపొరగా పెరిగిందే. మీనాక్షీ ఆలయం నడుమ ఉండగా, ప్రాకారం లోపల ఆడి వీధులు, దాని వెలుపల వరుసగా చిత్తిరై, ఆవణి మూల, మాసి వీధులు, తమిళ నెలల పేర్లతో, ఒకదాన్నొకటి చుట్టుకుని ఉంటాయి. 1840 ప్రాంతంలో కలెక్టర్ బ్లాక్‌బర్న్ కోటగోడలు తీయించి అగడ్తను పూడ్పించినప్పుడు ఏర్పడిన వెలి వీధులు కూడా లోపలి వరుసలను కదపకుండా, వాటి చుట్టూ మరో వరుసగానే అమరాయి.

తెలుగువారు ముగ్గు అన్నా తమిళులు కోలం అన్నా, ధనుర్మాసంలో కల్లాపి చల్లిన వాకిట్లో పరుచుకునేది ఇదే లెక్క. 'పదమూడు చుక్కలు, ఏడు వచ్చేవరకు, మధ్యచుక్క' అంటే, నడిమి వరుసలో 13 చుక్కలు పెట్టి, పైకీ కిందికీ ఒక్కో వరుసకు ఒక్కొక్కటి తగ్గిస్తూ, కొత్త వరుస చుక్కను ముందు వరుసలోని రెండు చుక్కల సందులో ఉంచుతూ ఏడు దాకా వెళ్లడం. ఇలా ఏర్పడేది 127 చుక్కల ఆరు భుజాల ఆకారం, అంటే డోర్ఫ్‌రొమాంటిక్ బిళ్ల ఆకారమే. దాని చుట్టూ 42 చుక్కల వరుస ఒకటి చేరిస్తే 'పదిహేను, ఎనిమిది వచ్చేవరకు' అనే 169 చుక్కల ముగ్గు అవుతుంది. పాత చుక్క ఒక్కటీ కదలదు.

చుక్కల చుట్టూ గీత తిరిగే మెలికల ముగ్గులో బిళ్లల పోలిక ఇంకా స్పష్టం. చుక్కకు సూటిగా చుక్క పెట్టే ఎదురుచుక్కల వరుసలో ఒక్కో చుక్క చుట్టూ ఒక చదరాన్ని ఊహించుకుంటే, దాని నాలుగు వైపుల్లో ఒక్కో వైపున గీత పక్క చుక్క వద్దకు దాటుతుంది, లేదా వెనక్కి మళ్లుతుంది. అలా వచ్చే 16 రూపాల్లో, తిప్పి చూస్తే ఒకటే అయ్యేవాటిని కలిపేస్తే మిగిలేవి ఆరే. ఇలా చిన్న ముక్కల నుంచి పెద్ద ముగ్గులు ఏ నియమాలతో పుడతాయో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ 1974లోనే కంప్యూటర్ శాస్త్ర వ్యాసంగా రాశారు.

పాత బల్ల ఆటలకు ఇలా పెరిగే గుణం లేదు. మూడు పులులు, పదిహేను మేకలతో ఆడే పులిజూదంలో 23 స్థానాలు ఎన్నాళ్లు ఆడినా 23గానే ఉంటాయి. పద్నాలుగు గుంటల వామనగుంటల పీటలో గింజలు చేతులు మారతాయే తప్ప పదిహేనో గుంట పుట్టదు. వాటి గెలుపోటములు ముందే గీసిన హద్దులోనే తేలతాయి. ఎవరూ ఓడనవసరం లేని ముగ్గుకు మాత్రం వాకిలి ఉన్నంత మేరా చోటే.

వాకిలి దాటే ముగ్గూ ఒకటి ఉంది. సంక్రాంతి పండుగ ముగిసేవేళ తెలుగు పల్లెల్లో వేసే రథం ముగ్గుకు తాడుగా ఒక గీతను సాగదీసి పక్కింటి ముగ్గుకు కలుపుతారు. వారు తమ రథం తాడును ఆ పక్కింటికి సాగిస్తారు. అలా వీధి వీధంతా ఒకే ముగ్గవుతుంది. చిత్తిరై ఉత్సవంలో మాసి వీధుల వెంట మీనాక్షీ సుందరేశ్వరుల తేర్లు కదిలేది కూడా ఇలా పలువురు పట్టిన తాడుతోనే. తేడా ఒక్కటే: తేరు నిలకడకు చేరితే మళ్లీ ఏడాది దాకా కదలదు, ముగ్గు మరునాటి కల్లాపికే చెరిగి, కొత్త చుక్కకు చోటిస్తుంది.